పాఠం 14: ఆటగాడి ఎంపిక – అభిమాని స్పందన

14.1 పాఠ పరిచయం

టీ కొట్టు దగ్గర, కార్ఖానా గేటు దగ్గర, రైలు పెట్టెలో జనం ఆటల గురించి మాట్లాడుకోవడం మీరు వింటూనే ఉంటారు. "వాడు మన జట్టును వదిలి పోయాడు, డబ్బుకు అమ్ముడుపోయాడు" అని ఒకరంటారు. "వాడి బతుకు వాడిది, పోతే తప్పేముంది?" అని ఇంకొకరంటారు. ఇద్దరూ గట్టిగానే వాదిస్తారు. అయితే ఆ ఆటగాడు ఏ ఒప్పందం మీద ఆడుతున్నాడు, ఎవరి అనుమతితో వెళ్ళాడు అన్న సంగతులు ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియకపోవచ్చు.

ఒక మంచి ఆటగాడు ఏ జట్టును ఎంచుకున్నాడు, అప్పుడు అభిమానులు ఏమన్నారు, ఆ మాటల్లో నిజమెంత, కోపమెంత అన్నది ఈ పాఠంలో పరిశీలిద్దాం. సూరత్‌లో పుట్టిన ఒక క్రికెట్ ఆటగాడి కథ, అమెరికాలో ఒక కళాశాల ఆటగాడి కథ మనకు ఉదాహరణలు.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– ఆటగాడు జట్టు మారే పద్ధతిని మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు;
– నోటి మాటకూ, సంతకం చేసిన ఒప్పందానికీ తేడా గుర్తించగలుగుతారు;
– ఒక వార్తలో వాస్తవం, విన్నమాట, ఊహ, అభిప్రాయం వేరుచేయగలుగుతారు;
– మీకు నచ్చని నిర్ణయం గురించి మర్యాద తప్పకుండా మాట్లాడగలుగుతారు, రాయగలుగుతారు.

14.3 మూలపాఠం

(అ) సూరత్ నుంచి వడోదరకు

సూరత్ వలస వచ్చినవారి నగరం. అక్కడి మరమగ్గాల మీద, అంటే మన నేతవారు సాంచాలు అని పిలిచే వాటి మీద, అనేక రాష్ట్రాల వారు పనిచేస్తారు. నల్గొండ, వరంగల్, కరీంనగర్ వైపుల నుంచి వెళ్ళిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపింది. బతుకుతెరువు కోసం ఊరు మారడం అక్కడివారికి కొత్త కాదు.

ఆ సూరత్ జిల్లాలోని చోర్యాసిలో 1993 అక్టోబరు 11న హార్దిక్ పాండ్య పుట్టాడు. తండ్రి సూరత్‌లో కార్ల రుణాలకు సంబంధించిన చిన్న వ్యాపారం చేసేవారు. కొడుకులు కృణాల్, హార్దిక్‌లకు క్రికెట్ మీద ఉన్న ఇష్టాన్ని గమనించి, ఆయన ఆ వ్యాపారాన్ని వదులుకుని కుటుంబాన్ని వడోదరకు మార్చారు. అక్కడ భారత జట్టు మాజీ వికెట్ కీపర్ కిరణ్ మోరే నడిపే శిక్షణ కేంద్రంలో పిల్లలను చేర్చారు. అప్పటికి హార్దిక్ ఇంకా చిన్నపిల్లవాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ కుటుంబం సూరత్‌ను వదిలింది. దాన్ని ఎవరూ ద్రోహం అనలేదు. పిల్లల భవిష్యత్తు కోసం తండ్రి చేసిన త్యాగం అన్నారు. అదే పిల్లవాడు పెద్దవాడై జట్టు మారినప్పుడు మాత్రం మాట వేరుగా వచ్చింది. ఎందుకో చూద్దాం.

(ఆ) జట్టు మారిన నాయకుడు

భారత ప్రీమియర్ లీగ్, అంటే ఐపీఎల్‌లో, హార్దిక్ 2015 నుంచి 2021 వరకు ముంబై ఇండియన్స్ జట్టుకు ఆడాడు. ఆ కాలంలో ముంబై నాలుగుసార్లు విజేతగా నిలిచింది. 2022 సీజనుకు ముందు ప్రతి జట్టూ కొందరు ఆటగాళ్ళనే అట్టిపెట్టుకోవలసి వచ్చింది. ముంబై నలుగురిని ఉంచుకుంది. వారిలో హార్దిక్ లేడు.

అదే సమయంలో కొత్తగా ఏర్పడిన గుజరాత్ టైటన్స్ జట్టు 15 కోట్ల రూపాయలకు అతన్ని తీసుకుని నాయకత్వం అప్పగించింది. సొంత రాష్ట్రం జట్టుకు సొంత రాష్ట్రంవాడే నాయకుడయ్యాడు. ఆ జట్టు మొదటి ఏడాదే, 2022 మే 29న, అహమ్మదాబాదులో లక్షకు పైగా ప్రేక్షకుల ముందు ఫైనల్ గెలిచింది. ఆ రోజు హార్దిక్ మూడు వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది కూడా జట్టు ఫైనల్ చేరి, చెన్నై చేతిలో ఓడింది.

2023 నవంబరు 26న జట్లు తమ దగ్గర ఉంచుకునే ఆటగాళ్ళ జాబితాలు ప్రకటించాయి. గుజరాత్ జాబితాలో హార్దిక్ పేరు ఉంది. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. మరునాడే, నవంబరు 27న, అతను ముంబైకి వెళ్ళిపోతున్నట్లు అధికారిక ప్రకటన వచ్చింది. తన పాత జట్టుకు తిరిగి వెళ్ళాలని హార్దిక్ కోరుకున్నాడని గుజరాత్ జట్టు క్రికెట్ సంచాలకుడు విక్రమ్ సోలంకి తెలిపారు.

ఇలా జట్టు మారడానికి ఒక పద్ధతి ఉంది. సీజను ముగిశాక నిర్ణీత గడువులో రెండు జట్లు మాట్లాడుకుని ఆటగాణ్ణి మార్చుకోవచ్చు. బదులుగా మరో ఆటగాణ్ణి ఇవ్వవచ్చు, లేదా డబ్బు చెల్లించవచ్చు. అయితే ఉన్న జట్టు ఒప్పుకోవాలి, ఆటగాడు ఒప్పుకోవాలి, నిర్వాహకులు ఆమోదించాలి. కాబట్టి ఇది ఒక్కడు రాత్రికి రాత్రి గోడ దూకి పారిపోవడం లాంటిది కాదు.

2023 డిసెంబరు 15న ముంబై జట్టు హార్దిక్‌ను నాయకుడిగా ప్రకటించింది. అంతవరకు నాయకుడు రోహిత్ శర్మ. అయిదుసార్లు కప్పు గెలిపించినవాడు. దాంతో రెండు నగరాల అభిమానులకూ కోపం వచ్చింది. వదిలి వెళ్ళాడని అహమ్మదాబాదు వారికి, వచ్చి మా నాయకుడి స్థానం తీసుకున్నాడని ముంబై వారికి. అహమ్మదాబాదుకూ ముంబైకీ మధ్య రైలు మార్గంలో ఉన్న సూరత్‌లో పుట్టినవాడు ఆ రెండు కోపాల మధ్య నిలబడ్డాడు.

(ఇ) మైదానంలో హేళన

2024 మార్చి 24న ముంబై జట్టు అహమ్మదాబాదులో గుజరాత్‌తో ఆడింది. రెండేళ్ళ క్రితం జేజేలు పలికిన మైదానంలోనే ప్రేక్షకులు హార్దిక్‌ను గేలిచేశారు. ముంబై 6 పరుగుల తేడాతో ఓడింది. మార్చి 27న హైదరాబాదు ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్ జట్టు ముంబై మీద 277 పరుగులు చేసింది. ఐపీఎల్‌లో అప్పటికి అదే అత్యధిక స్కోరు. మళ్ళీ ఓటమి. ఏప్రిల్ 1న సొంత మైదానం వాంఖడేలో టాస్ వేసే సమయంలో కూడా హేళన ఆగలేదు. టాస్ నిర్వహిస్తున్న మాజీ ఆటగాడు సంజయ్ మంజ్రేకర్ ప్రేక్షకులను మర్యాదగా ఉండమని కోరవలసి వచ్చింది.

ఏప్రిల్ 11న అదే మైదానంలో బెంగళూరు జట్టు తరఫున ఆడుతున్న విరాట్ కోహ్లీ, హేళన ఆపమని ప్రేక్షకులకు సైగ చేశాడు. హార్దిక్ భారతదేశానికి ఆడే ఆటగాడని గుర్తుచేశాడు. ఎదుటి జట్టువాడు చెప్పవలసి వచ్చిన మాట అది.

ఆ సీజనులో ముంబై 14 ఆటల్లో నాలుగే గెలిచి చివరిదైన పదో స్థానంలో నిలిచింది. హార్దిక్ ఆట, నాయకత్వం రెండూ విమర్శకు గురయ్యాయి. ఆటను విమర్శించే హక్కు ప్రేక్షకుడికి ఉంది. అయితే మొదటి బంతి పడక ముందే, టాస్ దగ్గరే మొదలైన అరుపులను ఆట మీద విమర్శ అనగలమా?

తరువాత మూడు నెలలు కూడా గడవలేదు. 2024 జూన్ 29న బార్బడోస్‌లో ఇరవై ఓవర్ల ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలి. అప్పుడు హార్దిక్ క్లాసెన్‌ను ఔట్ చేశాడు. చివరి ఓవర్లో 16 పరుగులు కావలసినప్పుడు బంతి అతని చేతికే వచ్చింది. మొదటి బంతికే మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ యాదవ్ సరిహద్దు దగ్గర పట్టుకున్నాడు. భారత్ 7 పరుగుల తేడాతో గెలిచింది. జులై 4న విజేతలు వాంఖడేకు వచ్చారు. ఏ మైదానంలో గేలిచేశారో ఆ మైదానంలోనే జనం హార్దిక్ పేరు పెట్టి జేజేలు కొట్టారు.

మనిషి అతనే. మైదానం అదే. మారినది ఫలితం. అభిమానం ఫలితాన్ని బట్టి మారుతుందని దీనివల్ల తెలుస్తోంది. కానీ ఆ మూడు నెలలు అవమానం పడ్డది ఒక మనిషి అని మరచిపోకూడదు.

పాఠ్యాంశ ప్రశ్నలు – 1

1. 2022 సీజనుకు ముందు ముంబై ఉంచుకున్న ఆటగాళ్ళలో హార్దిక్ ఉన్నాడా?
2. ఐపీఎల్‌లో ఆటగాడు జట్టు మారడానికి ఎవరెవరి అంగీకారం కావాలి?
3. రెండు నగరాల అభిమానులకు కోపం రావడానికి వేర్వేరు కారణాలేమిటి?

(ఈ) అమెరికాలో ఒక విద్యార్థి ఎంపిక

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. అక్కడి విశ్వవిద్యాలయాల జట్ల ఆట చూడటానికి లక్షమంది పట్టే మైదానాలు కూడా నిండుతాయి. ఉన్నత పాఠశాలలో బాగా ఆడే పిల్లల కోసం విశ్వవిద్యాలయాల శిక్షకులు పోటీపడతారు. ఇళ్ళకు వెళ్తారు, తల్లిదండ్రులతో మాట్లాడతారు, ఉచిత చదువు, వసతి ఇస్తామంటారు. ఏ విద్యార్థి ఎటు వెళ్తాడా అని అభిమానులు నెలల తరబడి ఎదురుచూస్తారు. కొందరు విద్యార్థులు బల్ల మీద అనేక విశ్వవిద్యాలయాల టోపీలు పెట్టి, వాటిలో ఒకటి తలకు పెట్టుకుని తమ నిర్ణయం ప్రకటిస్తారు.

జార్జియా రాష్ట్రానికి చెందిన ట్రావిస్ హంటర్ 2021లో దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాళ్ళ వరుసలో మొదటి స్థానంలో ఉన్న విద్యార్థి. పేరున్న ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరతానని 2020లోనే మాట ఇచ్చాడు. కానీ 2021 డిసెంబరు 15న సంతకాల రోజు వచ్చేసరికి జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాడు. అది మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన పాత విద్యాసంస్థ. దాని జట్టు రెండో శ్రేణిలో ఆడుతుంది. అక్కడి శిక్షకుడు డియాన్ శాండర్స్. ఆయన ఒకప్పుడు ఫ్లోరిడా స్టేట్‌కు ఆడినవాడే.

ఒకవైపు ఫ్లోరిడా స్టేట్ అభిమానులు మాట తప్పాడన్నారు. మరోవైపు, పెద్ద సంస్థలన్నీ కాదని ఒక చిన్న సంస్థకు గౌరవం తెచ్చాడని జాక్సన్ స్టేట్ వైపువారు పొంగిపోయారు. ఏడాది తిరిగింది. శాండర్స్ కొలరాడో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. హంటర్ ఆయన వెంట వెళ్ళాడు. ఈసారి కోల్పోయినవారు జాక్సన్ స్టేట్ అభిమానులు. 2024 డిసెంబరులో కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నత బహుమతి అయిన హైస్‌మన్ ట్రోఫీ హంటర్‌కు దక్కింది.

చూశారా! ఎవరి జట్టుకు వస్తే వారికి అది ధైర్యం. ఎవరి జట్టును వదిలితే వారికి అది ద్రోహం. పని ఒక్కటే. పేరు మాత్రం చూసేవారు నిలబడిన చోటును బట్టి మారుతోంది.

(ఉ) నోటి మాట, సంతకం

హంటర్ మాట తప్పాడా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. అక్కడి నియమాల ప్రకారం విద్యార్థి ఇచ్చే నోటి మాటకు చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. ఆ మాట విని విశ్వవిద్యాలయం కూడా కట్టుబడి ఉండనక్కరలేదు. మరో మంచి ఆటగాడు దొరికితే అది మనసు మార్చుకోవచ్చు. సంతకం జరిగిన తరువాతే ఇరుపక్షాలకూ బాధ్యత ఏర్పడుతుంది.

అంతమాత్రాన నోటి మాటకు విలువ లేదా? ఉంది. అది నీతికి సంబంధించిన విలువ. మాట మార్చుకునేవాడు అవతలివారికి వీలైనంత ముందుగా, సూటిగా చెప్పాలి. చెప్పకుండా చివరిరోజు వరకు ఆశపెట్టడం వల్ల నమ్మినవారు నష్టపోతారు. కాబట్టి "చట్టం ప్రకారం తప్పు కాదు" అన్న వాక్యమూ, "నమ్మినవారికి బాధ కలిగింది" అన్న వాక్యమూ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఈ సంగతి మీకూ పనికివస్తుంది. ఒక నేత కార్మికుడు ఒక సేఠ్ దగ్గర పనిచేస్తున్నాడనుకోండి. మరో కార్ఖానాలో మీటరుకు కూలి ఎక్కువ ఇస్తామన్నారు. వెళ్ళవచ్చా? ముందు ఈ విషయాలు చూసుకోవాలి. పాత చోట కాగితం మీద సంతకం ఉందా? అడ్వాన్సు బాకీ ఉందా? రావలసిన కూలి లెక్క తేలిందా? కొత్త చోట ఇస్తామన్న కూలి రాసి ఇచ్చారా, నోటితోనే చెప్పారా? ఈ లెక్కలు సరిచూసుకుని, ముందుగా చెప్పి వెళ్ళే కార్మికుణ్ణి మనం ద్రోహి అనం. బతుకు బాగుచేసుకుంటున్నాడంటాం. ఆటగాడికి ఆట ఇష్టమే కావచ్చు. కాని అది అతనికి పని కూడా. పైగా ఆ పని చేయగలిగే వయసు కొద్దికాలమే.

(ఊ) అభిమానానికి హద్దు

అలాగని అభిమాని బాధను తక్కువ చేయకూడదు. అభిమాని టికెట్టు కొంటాడు, జట్టు రంగు చొక్కా వేసుకుంటాడు, ఓడిన రాత్రి అన్నం సయించక పడుకుంటాడు. ఆటగాడు వెళ్ళిపోతే దుఃఖం సహజం. ఆ దుఃఖం లేకపోతే అభిమానమే లేదు.

అభిమానం కొత్తవారిని సొంతం చేసుకోగలదు కూడా. 1949 నుంచి 1953 వరకు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్టులో వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే అయిదుగురు కలిసి ఆడారు. అయిదుగురూ దక్షిణాది నుంచి వెళ్ళినవారే. వారిని బెంగాలీ అభిమానులు "పంచపాండవులు" అని పిలుచుకున్నారు. ఒక ఊరివాడు మరో ఊరికి ఆడటం తప్పయితే ఆ పేరు పుట్టేదే కాదు.

కాబట్టి హద్దు ఎక్కడ ఉంది? "నాకు బాధగా ఉంది" అనడం అభిమానం. "నీ ఆట ఇవాళ బాగాలేదు" అనడం విమర్శ. "నువ్వు నా చెప్పుచేతల్లో ఉండాలి, లేకపోతే నిన్నూ నీ ఇంటివారినీ తిడతాను" అనడం ఈ రెండూ కాదు, అది పెత్తనం. మరొక్క విషయం. 2021లో ముంబై జట్టు హార్దిక్‌ను అట్టిపెట్టుకోలేదు కదా! అప్పుడు జట్టు యజమానులను మైదానంలో ఎవరూ గేలిచేయలేదు. యజమాని వదిలేస్తే వ్యాపారం, పనివాడు వదిలిపోతే ద్రోహం అనే కొలత న్యాయమైనదేనా? మీరే ఆలోచించండి.

పాఠ్యాంశ ప్రశ్నలు – 2

1. హంటర్ మొదట ఏ విశ్వవిద్యాలయానికి మాట ఇచ్చాడు? చివరకు ఎక్కడ సంతకం చేశాడు?
2. అభిమానం, విమర్శ, పెత్తనం – ఒక్కొక్కదానికి మీ సొంత వాక్యం ఒకటి రాయండి.

14.4 భాషాంశం: క్రియ చెప్పే నిజం

తెలుగులో ఒక సంగతి మనకు ఎలా తెలిసిందో క్రియారూపమే చెబుతుంది. ఈ నాలుగు వాక్యాలు చదవండి.

1. హార్దిక్ ముంబై జట్టుకు వెళ్ళాడు.
2. హార్దిక్ డబ్బు కోసమే వెళ్ళాడట.
3. హార్దిక్ నాయకత్వం కోసం వెళ్ళి ఉంటాడు.
4. హార్దిక్ వెళ్ళకూడదు.

మొదటిది వాస్తవం. అధికారిక ప్రకటనతో సరిచూడవచ్చు. రెండోది విన్నమాట. "అట" చేరగానే చెప్పేవాడు స్వయంగా చూడలేదని అర్థం. మూడోది ఊహ. "ఉంటాడు" అన్నది అంచనాను తెలుపుతుంది. నాలుగోది అభిప్రాయం. అది చెప్పేవారి కోరికను తెలుపుతుందే గాని, జరిగిన సంగతిని కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మాట చేతులు మారేటప్పుడు "అట" రాలిపోతుంది. మొదటివాడు "డబ్బు కోసమే వెళ్ళాడట" అంటాడు. రెండోవాడు "డబ్బు కోసమే వెళ్ళాడు" అంటాడు. విన్నమాట వాస్తవం వేషం వేసుకుంటుంది. ఇక మూడోవాడు తిట్టడం మొదలుపెడతాడు. నిజానికి జట్టు మారినప్పుడు హార్దిక్‌కు ఇచ్చే మొత్తం 15 కోట్ల రూపాయలుగానే ఉంది. మీరు వార్త చదివేటప్పుడు, ఇతరులకు చెప్పేటప్పుడు "అట"ను జారవిడవకండి. అది చిన్న మాటే అయినా ఒక మనిషి పరువును కాపాడుతుంది.

14.5 సారాంశం

– ఆటగాడు జట్టు మారడం నియమాల ప్రకారం జరిగే పని. అందులో జట్లకూ ఆటగాడికీ భాగం ఉంటుంది.
– నోటి మాట వేరు, సంతకం వేరు. మొదటిది నీతికి, రెండోది చట్టానికి సంబంధించినది.
– ఒకే నిర్ణయం ఒకరికి ధైర్యంగా, మరొకరికి ద్రోహంగా కనిపించవచ్చు.
– బాధపడే హక్కు, విమర్శించే హక్కు అభిమానికి ఉన్నాయి. అవమానించే హక్కు లేదు.
– విన్నమాటను వాస్తవంగా చెప్పకూడదు.

14.6 పదాలు – అర్థాలు

అట్టిపెట్టుకొను: తన దగ్గరే ఉంచుకొను
ఒప్పందం: ఇరుపక్షాలు అంగీకరించిన కట్టుబాటు
గేలిచేయు: ఎగతాళి చేయు, హేళన చేయు
పెత్తనం: అధికారం చెలాయించడం
బాకీ: తీర్చవలసిన అప్పు
సయించు: రుచించు, తినబుద్ధి అగు

14.7 పాఠాంత ప్రశ్నలు

1. 2024 ఏప్రిల్‌లోనూ, జులైలోనూ వాంఖడే మైదానంలో ప్రేక్షకుల ప్రవర్తనను పోల్చి పది వాక్యాలు రాయండి.
2. హంటర్ మాట మార్చుకోవడం సరైనదేనా? అవునని రెండు కారణాలు, కాదని రెండు కారణాలు రాసి, చివర మీ అభిప్రాయం చెప్పండి.
3. మీకు ఇష్టమైన ఆటగాడు వేరే జట్టుకు వెళ్ళాడనుకోండి. మీ బాధను, శుభాకాంక్షలను రెండింటినీ తెలుపుతూ అతనికి ఉత్తరం రాయండి.
4. ఈ వారం ఏదైనా దినపత్రికలో ఆటల పుట చదవండి. వాస్తవాలు, విన్నమాటలు, ఊహలు, అభిప్రాయాలు – ఒక్కొక్కటి రెండేసి వాక్యాలు ఏరి రాయండి.
5. మీరు గాని, మీ ఇంటివారు గాని పని కోసం ఊరు మారి ఉంటే, అప్పుడు ఊళ్ళోవారు ఏమన్నారో గుర్తుచేసుకుని ఒక పేరా రాయండి.

14.8 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్నలు – 1: (1) లేడు. (2) ఉన్న జట్టు, తీసుకునే జట్టు, ఆటగాడు అంగీకరించాలి, నిర్వాహకులు ఆమోదించాలి. (3) వదిలి వెళ్ళాడని అహమ్మదాబాదు వారికి, రోహిత్ శర్మ స్థానంలో నాయకుడయ్యాడని ముంబై వారికి.

ప్రశ్నలు – 2: (1) ఫ్లోరిడా స్టేట్‌కు మాట ఇచ్చాడు, జాక్సన్ స్టేట్‌లో సంతకం చేశాడు. (2) మీ వాక్యాలను పాఠంలోని (ఊ) భాగంతో పోల్చి చూసుకోండి. మీ వాక్యం చదివిన ఆటగాడు దానికి జవాబు చెప్పగలిగితే అది విమర్శ. తల దించుకోవలసి వస్తే అది అవమానం. వాక్యాన్ని మళ్ళీ రాయండి.